దేవుడు ఖాళీ చేసిన బంగళాలు

బిష్ణుపూర్‌లో ఒక గుడి పేరు అర్థం కావడానికి తెలుగువాడికి బెంగాలీ రానక్కర్లేదు. జోడ్ బంగ్లా. జోడు బంగళా. పురావస్తు శాఖ వాళ్ల బోర్డు మీద ఆ పేరు కూడబలుక్కుని చదివి తలెత్తి చూస్తే, నిజంగానే రెండు ఇళ్లు ముందొకటి వెనకొకటి ఆనుకుని ఉన్నాయి. కాకపోతే అవి బంగళాల్లా లేవు, పూరిళ్లలా ఉన్నాయి. ఇటుకతో కట్టిన పూరిళ్లు.

నేను కాసేపు తికమక పడ్డాను. మనకి బంగళా అంటే కలెక్టరు గారిది, జమీందారు గారిది, లేదంటే పాత సినిమాల్లో దయ్యానిది. పేదవాడికి బంగళా ఉండదు. ఆ మాట అసలు ఎక్కడిదో అప్పటిదాకా ఆలోచించనే లేదు. బంగ్లా అంటే బెంగాల్‌ది అని. బెంగాల్ పల్లెల్లో ఉండే వెదురూ గడ్డీ కప్పిన ఇంటి తీరు అది. ఇంగ్లీషు దొరలు ఇక్కడ దిగిన కొత్తలో ఆ తీరులో ఇళ్లు వేసుకున్నారు, వాటికి వరండాలు తగిలించారు, పెంచుకుంటూ పోయారు. పేరు మాత్రం అలాగే ఉంచారు. పూరిల్లు పోయి పేరు మిగిలింది, ఆ పేరే మన ఊళ్లలో డాక్ బంగళా దాకా వచ్చింది. (బంగాళాదుంప కూడా ఇదే దారిలో వచ్చిన చుట్టం. దాని కథ వేరే.)

ఆఫీసు పని మీద రెండు వారాలు కోల్‌కతాలో ఉండాల్సొచ్చింది. మధ్యలో దొరికిన శని, ఆదివారాల్లో బిష్ణుపూర్ వెళ్లాను. ఖరగ్‌పూర్, మిడ్నపూర్ మీదుగా రైల్లో దాదాపు నాలుగు గంటలు. మిడ్నపూర్ దాటాక నేల రంగు మారుతుంది. అప్పటిదాకా కిటికీలోంచి కనిపించిన వరి, చెరువులు, అరటి తోటలు తగ్గి, ఎర్ర మొరం నేల, గుగ్గిలం చెట్ల అడవి మొదలవుతాయి. గుగ్గిలాన్ని వాళ్లు సాల్ అంటారు. మనం ఊహించుకునే బెంగాల్ ఇది కాదు. పడమటి నుంచి ఛోటానాగ్‌పూర్ పీఠభూమి దిగొస్తూ, తూర్పున గంగ ఒండ్రు మట్టిని కలిసే అంచు ఇది. జిల్లా బాంకురా. పట్నానికి ఉత్తరంగా ద్వారకేశ్వర్ నది పోతుంది. ఎండాకాలం అందులో నీళ్లకంటే ఇసక ఎక్కువ.

ఊరు చిన్నది. 2011 జనాభా లెక్కల్లో 67,783 మంది, అంతకు పదేళ్ల ముందు 61,943. ఆ పదేళ్లలో బెంగాల్ మొత్తం మీద జనాభా దాదాపు 14 శాతం పెరిగితే ఈ ఊళ్లో పదికి కూడా చేరలేదు. మునిసిపాలిటీ అయితే 1873 నాటిది. 1901లో ఇక్కడున్నవాళ్లు పందొమ్మిది వేల పైచిలుకు. ఒకప్పుడు ఒక రాజ్యానికి రాజధాని అయిన ఊరికి అది చాలా తక్కువ. ఎందుకు తక్కువో తర్వాత చెప్తాను, అసలు కథ అదే.

ముందు ఆ కప్పుల సంగతి. బోర్లించిన పడవని ఊహించుకోండి. నడికొప్పు నిటారుగా ఉండదు, మధ్యలో ఉబ్బి రెండు చివర్లా కిందికి వంగుతుంది. చూరు కూడా అలాగే, మూలల దగ్గర ఇంకా కిందికి. ఇది ఎవరో శిల్పి అందం కోసం గీసిన గీత కాదు. దూలం వేసేది తాడితో అయితే అది వంగదు, వెదురైతే వంగుతుంది. వంగినప్పుడు గట్టిగా కూడా ఉంటుంది. ఏడాదిలో నాలుగు నెలలు దంచికొట్టే వానలో నీళ్లు కప్పు మీద నిలవకుండా జారిపోవాలి, మట్టి గోడల మూలలు తడవకూడదు. అంతే లెక్క. రెండు వాలులుంటే దో చాలా, నాలుగుంటే చార్ చాలా. చాలా అంటే వాలు కప్పు.

ఇటుకకి ఈ వంపుతో పనేం లేదు. ఇటుక గోడ తడిస్తే కూలదు. అయినా ఆ వంపు ఇటుకలోకి వచ్చింది. ఇక్కడ నేను చదివి ఆశ్చర్యపోయింది ఏంటంటే, అది మొదట వచ్చింది గుళ్లలోకి కాదు. బెంగాల్ సుల్తానుల సమాధులు, మసీదుల్లోకి. పాండువాలో ఏక్‌లాఖీ అని పదిహేనో శతాబ్దపు మొదటి రోజుల సమాధి ఉంది. దాని చూరు గీత కొద్దిగా, చాలా కొద్దిగా వంగి ఉంటుంది. రాజా గణేశ్ కొడుకు, మతం మారి సుల్తానైన జలాలుద్దీన్ సమాధి అని చెప్తారు. ఆ తర్వాత గౌడ్ దగ్గరి చోటా సోనా మసీదులో మధ్య కప్పు ఏకంగా నాలుగు వాలుల పూరిల్లే. బిష్ణుపూర్ రాజులు గుళ్లు కట్టడం మొదలుపెట్టేసరికి ఇటుకతో కమాను తిప్పడం, గుమ్మటం నిలబెట్టడం, చూరు వంచడం తెలిసిన పనివాళ్లు బెంగాల్‌లో తరాలుగా ఉన్నారు. కృష్ణుడి గుడి లోపల తల పైకెత్తితే కనిపించే కప్పు మసీదు పనివాళ్ల దగ్గర నేర్చిన పని. ఎవరికి ఇబ్బందిగా ఉన్నా అది మారదు.

అదే వంపు ఢిల్లీ పాదుషాల కంట కూడా పడింది. ఆగ్రా కోటలో షాజహాన్ ఖాస్ మహల్‌కి అటూ ఇటూ బంగ్లా కప్పుల మండపాలున్నాయి. లాహోర్ నౌలఖా కూడా ఇదే. బిష్ణుపూర్‌లో జోడ్ బంగ్లా 1655లో కట్టారు. అప్పటికే ఆ పూరిల్లు ఆగ్రాలో పాలరాయి తొడుక్కుంది. పల్లెటూరి కప్పు పాదుషా ఇంటికి వెళ్లొచ్చి, మళ్లీ సొంతూళ్లో దేవుడి ఇల్లయింది.

దేవుడు ఇక్కడికి ఎలా వచ్చాడన్నది ఇంకా బావుంటుంది. పుస్తకాల దొంగతనంతో వచ్చాడు.

పదహారో శతాబ్దం చివర బిష్ణుపూర్‌ని ఏలేవాడు బీర్ హంబీర్. మల్ల వంశం. వాళ్ల రాజ్యం పేరు మల్లభూమ్. అక్బర్ పెత్తనం బెంగాల్ మీద పూర్తిగా కుదురుకోని రోజులు. మాన్‌సింగ్ కొడుకు జగత్‌సింగ్ అఫ్గాన్ల చేతిలో దెబ్బతింటే, కాపాడి బిష్ణుపూర్‌కి తీసుకొచ్చింది ఈ హంబీరే. (బంకిం మొదటి బెంగాలీ నవల దుర్గేశనందినిలో రౌతు బిష్ణుపూర్ నుంచి మందారణ్ దారిలో వస్తూ కనిపిస్తాడు కదా, ఆ జగత్‌సింగే.) అడవి దారులు చేతిలో ఉన్న రాజు కాబట్టి దారిదోపిడీ కూడా రాజ్యాదాయంలో ఒక పద్దు. ఆ రోజుల్లో బృందావనం నుంచి బెంగాల్‌కి శ్రీనివాస ఆచార్యుడు, నరోత్తముడు, శ్యామానందుడు అనే ముగ్గురు బండి మీద పెట్టెలు తీసుకొస్తున్నారు. అంత జాగ్రత్తగా తెస్తున్నారంటే బంగారమే అయ్యుంటుందని హంబీర్ మనుషులు కొట్టేశారు. తెరిచి చూస్తే తాళపత్రాలు, కాగితాలు. బృందావన గోస్వాములు రాసిన వైష్ణవ గ్రంథాలు.

శ్రీనివాసుడు వాటిని వెతుక్కుంటూ రాజు కొలువుకి వచ్చాడు. అక్కడ భాగవతం చెప్పించుకుంటున్నారు. ఈయన చెప్పాడు. రాజు విని పాదాల మీద పడ్డాడు. పుస్తకాలు తిరిగొచ్చాయి, రాజు శిష్యుడయ్యాడు. ప్రేమవిలాసం, భక్తిరత్నాకరం లాంటి వైష్ణవ గ్రంథాల్లో ఉన్న కథ ఇది. భక్తులు రాసిన కథ కాబట్టి అందులో ఎంత పాలు తీసుకోవాలో ఎవరి ఇష్టం వాళ్లది. ఆ పెట్టెల్లో కృష్ణదాస కవిరాజు చైతన్య చరితామృతం కూడా ఉందనీ, పోయిందని తెలిసి ఆ ముసలాయన ప్రాణం విడిచాడనీ కూడా అంటారు. ఆ గ్రంథంలో చైతన్యుడు గోదావరి ఒడ్డున రామానంద రాయల్ని కలిసి రాత్రుళ్లు మాట్లాడుకునే ఘట్టం ఉంది. కథ నిజమైతే బిష్ణుపూర్ అడవిలో దొంగల చేతికి చిక్కిన బండిలో మన గోదావరి కూడా ఉందన్నమాట. నాకు ఈ ఊరి మీద ప్రేమ పుట్టింది బహుశా అక్కడే.

కథ సంగతి ఎలా ఉన్నా, దాని తర్వాత జరిగింది కళ్లముందుంది. అంతకుముందు ఈ రాజుల ఇలవేల్పు మృణ్మయి. మట్టి దుర్గ. ఆమె గుడి 997 నాటిదని ఊళ్లో చెప్పుకుంటారు, ఇప్పటికీ దసరా పూజలు ఫిరంగి మోతతో మొదలవుతాయి. హంబీర్ తర్వాత ఒకటిన్నర శతాబ్దం పైగా వరసగా కృష్ణుడి గుళ్లు. రాజులకి కూడా కొత్త ఇంటిపేరు, మల్ల పోయి సింహ. ఆది మల్లుడు పూరీ యాత్రకి పోయేవాళ్లు దారిలో కన్న బిడ్డ అనీ, బాగ్దీల చేతుల్లో పెరిగాడనీ ఇంకో కథ ఉంది. ఇరుగుపొరుగువాళ్లు ఈ రాజుల్ని బాగ్దీ రాజులనే పిలిచేవాళ్లు. బాగ్దీలు చేపలు పట్టుకునే, పొలం పనులు చేసుకునే కులం. కొత్త దేవుడు, కొత్త గురువు, కొత్త గుళ్లు ఉంటే పాత మాట కాస్త మరుగున పడుతుంది. భక్తి లేదని కాదు. భక్తితో పాటు ఇది కూడా ఉంది.

గుళ్ల శాసనాల్లో తేదీలు మల్లాబ్దంలో ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లో మేం కాలాన్ని 1970 జనవరి 1 నుంచి లెక్కపెడతాం. వీళ్లు 694 నుంచి లెక్కపెట్టారు, ఆది మల్లుడి పట్టాభిషేకం అని. శాసనంలో అంకెకి 694 కలిపితే మన సంవత్సరం వచ్చేస్తుంది. శ్యామ్ రాయ్ గుడి 949, అంటే 1643. జోడ్ బంగ్లా 961, 1655. లాల్‌జీ 964, 1658. మదన్ మోహన్ గుడి సరిగ్గా 1000, అంటే 1694. ఈ కూడికలు వేసుకుంటూ ఊళ్లో తిరగడం నాకు చెప్పలేనంత సరదాగా అనిపించింది. ఒక చిన్న అడవి రాజ్యానికి తన సొంత కాలం ఉండేది.

అన్నిటికంటే పాతది రాసమంచ, 1600లో హంబీర్ కట్టించింది. మంచ అంటే వేదిక. మన మంచె, మంచం దాని చుట్టాలే. ఎర్రరాతి ఎత్తరుగు మీద చదరపు కట్టడం, గర్భాలయం చుట్టూ ఒకదాన్ని చుట్టి ఒకటి మూడు వరసల కమాను దారులు, పైన మెట్లు మెట్లుగా సన్నబడే శిఖరం, దాని పాదాల దగ్గర బొమ్మరిళ్లలా చిన్న చిన్న పూరికప్పులు. ఇందులో ఎప్పుడూ ఏ దేవుడూ కాపురం ఉండలేదు. రాస పండగ రోజుల్లో ఊళ్లో గుళ్లన్నిటి నుంచి రాధాకృష్ణుల విగ్రహాల్ని తెచ్చి ఇక్కడ నిలబెట్టేవాళ్లు. దేవుళ్లకి ఏడాదికోసారి చుట్టాలింటి పెళ్లి లాంటిది. 1932 దాకా జరిగిందట. ఇప్పుడు మధ్యాహ్నం ఆ కమానుల్లో నడుస్తుంటే నా అడుగుల చప్పుడే మూడు వైపుల నుంచి వెనక్కి వచ్చింది.

శ్యామ్ రాయ్ గుడి హంబీర్ కొడుకు రఘునాథ్ సింహది. ఎత్తు ఎక్కువేం లేదు. పైన అయిదు శిఖరాలు, నాలుగు వైపులా మూడేసి కమానులు. దగ్గరికెళ్తే ఖాళీ లేదు. పాదం నుంచి చూరు దాకా, లోపలి గోడలు, కమానుల కడుపు, ఎక్కడ చూసినా కాల్చిన మట్టి బిళ్లల మీద బొమ్మలు. రాసమండలం గుండ్రటి పలకలున్నాయి. మధ్యలో కృష్ణుడు, చుట్టూ వలయాలు వలయాలుగా చేతులు పట్టుకున్న గోపికలు. అందరూ ఒకే అచ్చులా కనిపిస్తారు. ఒక వలయాన్ని మాత్రమే పట్టుకుని ఒక్కొక్కరినే చూస్తూ పోయాను. ఒకామె తల పక్కకి వాల్చింది, ఒకామె కాలు పైకి లేచింది, ఇంకొకామె పక్కనామె వైపు కాక మన వైపు చూస్తోంది.

దీని వెనక పని ఎంతో ఆలోచించండి. గరుకు లేని మట్టి జల్లించి పలక చెయ్యాలి. సగం ఆరాక, మరీ మెత్తగానూ మరీ గట్టిగానూ కాకుండా ఉన్న ఆ కొద్ది గంటల్లో చెక్కాలి. నీడలో నిదానంగా ఆరబెట్టాలి, కాల్చాలి. మట్టి ఆరినప్పుడు ఒకసారి, కాలినప్పుడు ఒకసారి కుంచించుకుపోతుంది. అయినా పది ముక్కల్లో కోసి కాల్చిన వలయం గోడ మీద మళ్లీ వలయంగానే కలవాలి. ఎంత తగ్గుతుందో ముందే తెలిసి అంత పెద్దగా చెయ్యాలి. మేం కోడ్‌లో పిక్సెల్ తేడా వస్తే గంటల కొద్దీ మీటింగులు పెడతాం.

ఇక్కడ మంచి శిల్పపు రాయి లేదు. నేల కింద దొరికేది తేనెపట్టులా చిల్లులుండే ఎర్రరాయి, లాటరైట్. తవ్వినప్పుడు మెత్తగా ఉండి గాలి తగిలితే గట్టిపడుతుంది. గోడకి బంగారం, ముక్కూ కళ్లూ చెక్కడానికి పనికిరాదు. కాలాచంద్, లాల్‌జీ లాంటి గుళ్లు దానితో కట్టి పైన సున్నపు గారతో అలంకరించారు. ఆ గార చాలావరకు రాలిపోయి అవిప్పుడు బోడిగా ఉన్నాయి. రాయి లేకపోవడమే మట్టిని గెలిపించింది. వాన, ఎండ, నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ మట్టి బొమ్మల ముక్కులు చాలావాటికి ఉన్నాయి. చేతికందే ఎత్తులో ఉన్నవాటికే లేవు.

జోడ్ బంగ్లాలో రెండు దో చాలా కప్పులు ఆనుకుని, పైన మధ్యలో చిన్న శిఖరం. ముందు ఇల్లు వసారా, వెనక ఇల్లు గర్భాలయం. బెంగాలీ రైతు ఇల్లు కూడా అంతే, ముందో వసారా, వెనకో గది. గోడల మీద రామాయణం, కృష్ణలీలలతో పాటు వేట, పడవల మీద యుద్ధం, తుపాకులు పట్టిన సైనికులు. సముద్రం ఈ ఊరికి చాలా దూరం. అయినా ఓడ గోడెక్కింది.

ఇవన్నీ చేసిన చేతులు సూత్రధార్ కులం వాళ్లవి. అసలు వృత్తి వడ్రంగం. తర్వాత రాయి, మట్టి, రంగులు అన్నీ వాళ్ల పనే అయ్యాయి. మనకి సూత్రధారుడంటే నాటకం మొదట్లో వచ్చి మాట్లాడి వెళ్లిపోయేవాడు. ఇక్కడి సూత్రధారుడు ఒక్క మాట కూడా మాట్లాడడు. రాధాకృష్ణుల సంతోషం కోసం ఫలానా రాజు కొడుకు ఫలానా రాజు ఈ గుడి సమర్పించాడు అని శాసనం. కట్టినవాడి ఊసు లేదు.

డబ్బు ఎక్కడిదంటే రైతు పన్ను, అడవి, దారులు. ఊరి చుట్టూ ఏడు పెద్ద చెరువులున్నాయి: లాల్, కృష్ణ, గాంటాత్, జమున, కాళింది, శ్యామ్, పోకా. వాళ్లు బాంధ్ అంటారు, అంటే కట్ట. నేల వాలుని చూసుకుని కట్ట వేసి వాన నీళ్లు ఆపారు. తాగునీళ్లూ అవే, కోటకి రక్షణా అవే. వీటిని తవ్వించిన బీర్ సింహే తన పద్దెనిమిది మంది కొడుకుల్ని గోడలో పెట్టి మూయించాడనీ, ఆఖరివాడు దుర్జన్ ఒక్కడే తప్పించుకున్నాడనీ కథ. లాల్‌జీ గుడి కూడా ఈ బీర్ సింహదే. మల్లాబ్దం వెయ్యో ఏట మదన్ మోహన్ గుడి కట్టింది ఆ తప్పించుకున్న దుర్జన్ సింహ.

బెంగాలీలో ఒక సామెత ఉంది: గోపాల్ సింహ వెట్టి. ఇష్టం లేకుండా, తప్పక చేసే పనిని అలా అంటారు. గోపాల్ సింహ పద్దెనిమిదో శతాబ్దపు బిష్ణుపూర్ రాజు. పరమ భక్తుడు. రాజ్యంలో ప్రతివాడూ సాయంత్రం కూర్చుని జపమాల తిప్పుతూ హరినామం లెక్కపెట్టాలని ఆజ్ఞ వేశాడు. పొలం నుంచి వచ్చి, పశువులకి గడ్డేసి, అప్పుడు రాజు గారి లెక్క ప్రకారం భక్తి. జనం దానికి పెట్టిన పేరు వెట్టి. ఇంత అందమైన గుళ్లున్న ఊరి గురించి ఆ ఊళ్లో మామూలు మనిషి మాట ఏదైనా మిగిలిందంటే ఇదొక్కటే, అందుకే నాకిది అన్ని శాసనాలకంటే విలువైనది.

1742లో మరాఠాలు భాస్కర్ పండిత్ వెంట బెంగాల్ మీద పడ్డారు. బిష్ణుపూర్ కోట దాకా వచ్చారు. గోపాల్ సింహ యుద్ధం మానేసి అందర్నీ మదన్ మోహనుడి భజన చెయ్యమన్నాడట. రాత్రి దేవుడే వచ్చి దళ్ మాదళ్ ఫిరంగి పేల్చాడట, మరాఠాలు పారిపోయారట. ఫిరంగి ఇప్పటికీ ఉంది. 63 ఇనుప కడియాలు ఒకదానికొకటి అతికి చేసిన పన్నెండున్నర అడుగుల గొట్టం. బయట పడి ఉన్నా తుప్పు పెద్దగా లేదు. కోట నిలిచింది గానీ చుట్టుపక్కల పల్లెలు మిగల్లేదు. దేవుడు కోటనే కాపాడాడు.

పల్లెలు లేకపోతే పన్ను లేదు. పైన 1770 కరువు. కంపెనీకి మాత్రం కిస్తీ కట్టాలి. అప్పటి రాజు చైతన్య సింహ. ఈయన కూడా భక్తుడే, 1758లో రాధేశ్యామ్ గుడి కట్టించాడు. దాయాది దామోదర్ సింహతో కోర్టు వ్యాజ్యాలు. డబ్బు కావాలి. ఇంట్లో విలువైనది ఒక్కటే మిగిలింది. మదన్ మోహనుడిని తీసుకెళ్లి కలకత్తా బాగ్‌బజార్‌లో గోకుల్ మిత్ర అనే వ్యాపారి దగ్గర తాకట్టు పెట్టాడు.

తర్వాత డబ్బు సమకూర్చుకుని వెళ్తే గోకుల్ మిత్ర దేవుణ్ణి ఇవ్వనన్నాడు. కోర్టుకెక్కితే తీర్పు రాజుకే వచ్చింది. అప్పుడు మిత్ర అచ్చం అలాంటిదే ఇంకో విగ్రహం చేయించి అది ఇచ్చి పంపాడని కథ. బాగ్‌బజార్‌లో మదన్ మోహనుడి గుడి ఇప్పటికీ ఉంది. కాపీ ఏదో అసలేదో తేల్చే పద్ధతి లేదు. ఏ ఊరివాళ్లకి ఆ ఊరిదే అసలు.

1806లో పన్ను బకాయిల కింద బిష్ణుపూర్ జమీ వేలానికొచ్చింది. కొన్నది బర్ద్వాన్ మహారాజా. పంజాబు నుంచి వర్తకానికి వచ్చి బెంగాల్‌లో స్థిరపడిన ఖత్రీల కుటుంబం, కిస్తీలు వేళకి కట్టడం తెలిసినవాళ్లు. మూడేళ్లకి, 1809లో, వాళ్ల తేజ్‌చంద్ర కాల్నాలో 108 శివాలయాలు కట్టించాడు. రెండు వలయాలు, బయట 74, లోపల 34. ఇక్కడి పన్నుతోనే అక్కడ కట్టాడని అనను. కానీ బెంగాల్‌లో గుళ్లు కట్టే చెయ్యి ఎటు మారిందో ఈ రెండు తేదీలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. బిష్ణుపూర్‌లో కొత్తగా కట్టేవాళ్లు లేరు, ఉన్నవాటిలో దీపం పెట్టడానికీ లేదు. రాజధాని పోయిన ఊరు 1901 లెక్కల్లో పందొమ్మిది వేలు ఎందుకైందో ఇక విడమరచి చెప్పక్కర్లేదనుకుంటా.

ఈ గుళ్లని మళ్లీ లెక్కపెట్టి, కప్పుల్ని బట్టి తరగతులుగా విడగొట్టి, బెంగాల్ అంతా తిరిగి ఫొటోలు తీసిన మనిషి చరిత్రకారుడు కాదు. డేవిడ్ మెకచన్. ఇంగ్లండ్‌లో కోవెంట్రీవాడు, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో తులనాత్మక సాహిత్యం చెప్పేవాడు. సెలవొస్తే సైకిలు మీద, బస్సుల్లో, నడిచీ పల్లెలు పట్టుకు తిరిగాడు. 1972లో కలకత్తాలో పోలియోతో పోయాడు, నలభై ఒక్కేళ్లకి. ఆయన పుస్తకం ఆ ఏడే వచ్చింది. తన సబ్జెక్టు కానిదాని మీద ఒక మనిషి ఇంత పని చెయ్యొచ్చా అని, వారాంతాల్లో మాత్రమే చదివీ రాసే నాలాంటివాడికి కాస్త ధైర్యం, కాస్త సిగ్గు.

బొమ్మలు మాత్రం గోడ దిగి వెళ్లిపోయాయి. బిష్ణుపూర్ మగ్గాల మీద ఇప్పుడు నేసేది బాలుచరి చీర. అసలు ముర్షిదాబాద్ దగ్గరి బాలుచర్‌ది, అక్కడ అంతరించిపోయాక ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఇక్కడ మళ్లీ ప్రాణం పోశారు. కొంగు మీద రథాలు, రాసమండలాలు, గుడి గోడల నుంచి దించినవే. ముందు గళ్ల కాగితం మీద గీస్తారు, గడి గడికీ చిల్లు కొట్టిన అట్టలు చేస్తారు, ఆ అట్టల దండ జకార్డ్ మగ్గం మీద తిరుగుతుంది. చిల్లు ఉంటే దారం లేస్తుంది, లేకపోతే లేదు. ఒకటి, సున్నా. మా వృత్తి పుట్టింది ఆ అట్టల్లోంచే. మగ్గం ముందు చాలాసేపు నిలబడిపోతే, నేతన్న నేను చీర కొంటాననుకుని పాపం మూడు విప్పి చూపించాడు. ధర విని ఒకటి మాత్రం అమ్మకి తీసుకున్నాను.

బిష్ణుపూర్ గుళ్లు 1998 నుంచీ యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉన్నాయి. రాసమంచ, శ్యామ్ రాయ్, జోడ్ బంగ్లా మూడిటికీ కలిపి ఒకటే టికెట్. పచ్చగడ్డి కత్తిరించి, కంచె వేసి, గర్భాలయానికి ఇనుప జాలీ బిగించి శుభ్రంగా ఉంచారు. జాలీలోంచి ఫోన్ లైటు వేసి చూస్తే ఖాళీ పీఠం, గబ్బిలాల వాసన. దేవుడు లేడు కాబట్టి చెప్పులతో తిరగొచ్చు, గర్భాలయం దాకా ఎవరైనా పోవచ్చు, బాగ్దీ అయినా సరే. కట్టినప్పుడు లేని ఈ స్వేచ్ఛ దేవుడు పోయాకే వచ్చింది. ఖాళీ గుడిని చూస్తే దిగులు పడాలని అనుకుంటాం గానీ, నాకు పూర్తిగా దిగులు కలగలేదు.

సాయంత్రం టోటో బండి అబ్బాయి మదన్ మోహన్ గుడికి తీసుకెళ్లాడు. ఇరుకు వీధుల మధ్య ఉంది. దానికి టికెట్ లేదు. గోడ మీద బిళ్లలు శ్యామ్ రాయ్ అంత దట్టంగా లేవు, కానీ ముందు వసారాలో ఇద్దరు ముసలమ్మలు గోడకి ఆనుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు, ఒక పిల్లాడు హోంవర్క్ చేసుకుంటున్నాడు. లోపల దీపం వెలుగుతోంది.

“దాదా, జుతో ఖులే జాన్” అన్నాడు టోటో అబ్బాయి నా కాళ్లు చూపించి. ఇదీ అర్థం చేసుకోవడానికి బెంగాలీ రానక్కర్లేదు. చెప్పులు మెట్టు పక్కన విప్పి లోపలికి వెళ్లాను. లోపల ఉన్నది అసలుదా, గోకుల్ మిత్ర చేయించిందా అని పూజారిని అడుగుదామని పొద్దున్నుంచీ అనుకుంటూనే ఉన్నాను. ఆయన గంట చేతిలోకి తీసుకున్నాడు. అడగలేదు.